పాసైన సుమంగళ

"నువ్వు పాసై మూడు నెలలాయె అక్కా. మల్ల ఏం సదువుతవు?" అన్నాడు విజయకుమార్, కంప్యూటర్‌లో ఆమె పేరు కొట్టి, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

సుమంగళ చంకలోని పిల్లను రెండో చంకకు మార్చుకుంది. తీన్‌కందీల్ చౌరస్తా దగ్గర బట్టల కొట్టు మీదున్న ఈ ఉచిత ఆన్‌లైన్ చదువుల కేంద్రానికి ఆమె రావడం ఇదే మొదటిసారి. చదువు తొమ్మిదో తరగతితోనే ఆగిపోయింది. అత్తవారింటికి తెచ్చుకున్న ఒక్క సైన్సు పుస్తకాన్నీ అత్త గిరిజమ్మ చించి, మిరపకాయ బజ్జీల నూనె అద్దడానికి వాడేసింది. అలాంటిది తను పాసవడమేమిటి?

విజయకుమార్ తెరను ఇటు తిప్పాడు. కన్నడ అక్షరాల్లో ఆమె పేరే ఉంది. పసిపిల్లల ఆరోగ్యం, ఇరవై పాఠాలు, నూటికి తొంభై రెండు మార్కులు. పక్కనే బిత్తరచూపులతో ఆమె ఫొటో.

ఆ ఫొటో ఎక్కడిదో అప్పుడు తట్టింది. వానల్లో వాళ్ల గల్లీలో బల్ల వేసుకుని కూర్చున్నది ఇతనే. రేషన్ కార్డుకు వేలిముద్ర వేయాలన్నాడు. ఆ మాటంటే చాలు, గల్లీలో ఎందుకని అడిగే మనిషి లేదు. ముద్ర పడకపోతే బియ్యం ఆగిపోతాయని భయం. ఆడవాళ్లంతా కార్డు జిరాక్సులు ఇచ్చి, వరుసలో నిలబడి మరీ ముద్రలు వేసి వచ్చారు. సుమంగళ వేలు రెండుసార్లు పడకపోతే ఇంటికి పరుగెత్తి, తడి ఆరేలా విభూతి రుద్దుకుని వచ్చి పెట్టింది.

"రేషన్‌కన్నవు గదన్నా."

అతను నవ్వాడు. పక్కనున్న ప్లాస్టిక్ గ్లాసులోకి గుట్కా ఉమ్మాడు. అంచు మీంచి ఎర్రటి చుక్క ఒకటి బల్ల మీదికి జారింది. దాన్ని వేలితో తుడిచి, అదే వేలితో ఆమె మార్కులు చూపించాడు. తొంభై రెండు మీద ఎర్రగా మరక పడింది.

అయినా తను వచ్చిన పని చెప్పింది. పోయిన నెల జ్వరంలో చంకలోని ఈ స్ఫూర్తికే ఫిట్స్ వచ్చాయి. మొగుడు శక్తినగర్‌లో కరెంటు ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడు. ఆమె పిల్ల గుప్పిట్లో తాళంచెవి పెట్టి, పళ్ల మధ్య చెంచా దూర్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చెడామడా తిట్టింది. చెంచా గొంతుకు అడ్డం పడి ఉంటే పిల్ల దక్కేది కాదంది. ఫిట్స్ మళ్లీ రావచ్చు, ఏం చేయాలో నేర్చుకొమ్మని చీటీ మీద ఈ కోర్సు పేరు రాసిచ్చింది. పైసా కట్టక్కర్లేదు. ప్రతి శనివారం డాక్టర్లే తెర మీదికొచ్చి, అడిగినదానికల్లా జవాబు చెబుతారు. పేరు రాయించుకున్న ఆడవాళ్లకు మాత్రమే.

"ఈ కంప్యూటరు ఒక్క మనిషి పేరు ఒక్కసారే రాసుకుంటది," అన్నాడు విజయకుమార్. "నీకేం పరేషాన్? సర్టిఫికెట్ తీసిస్త, తీస్కపో."

"మల్ల ఫిట్స్ వస్తె పిల్ల నోట్ల సర్టిఫికెట్ పెట్టాల్నా?"

అతను వినిపించుకోలేదు. యంత్రం గరగరమని కాగితం కక్కింది. సుమంగళ దాన్ని ముట్టుకోలేదు. ఆ పాసు కొట్టేసి తన పేరు తీసేయమంది, కొత్తగా రాయించుకుంటానంది.

"సచ్చినోల్ల పేర్లే తీస్తరక్కా. అది గూడ కాయితం సూపిస్తెనే."

పైవాళ్లు వెయ్యి పేర్లు అడిగారట. పాఠాలు వాటంతటవే నడుస్తాయట, పరీక్ష ఇక్కడే ఎవరో ఒకరు రాసేస్తారట. అతను గొప్పగా జాబితా జరుపుతూ పోయాడు. ఓనమాలు రాని, పూలమ్మే యంకమ్మకు ఎనభై ఎనిమిది. రెండు కళ్లకూ పొర కమ్మిన హనుమమ్మకు తొంభై. గల్లీ గల్లీ అంతా పాసై కూర్చుంది. ఒక్కరికీ ఒక్క ముక్క తెలియదు.

జాబితా అడుగున ఒక్క పేరు మాత్రం ఎర్రగా ఉంది.

"ఇదొక్కటే ఆగింది," అని విసుక్కున్నాడు. "కార్డుల పేరుందని ఎక్కిచ్చిన. పరీక్షకు వేలు గావాలె. ముసలామె ముద్రకు రానే రాలె. మీ గల్లీనే, ఎరికేనా?"

సుమంగళ వంగి చదివింది.

"మా అత్తనే," అంది. "ఆ పేరు మీద నేను సదువుత."

"ఆమె వచ్చి లొల్లి పెట్టుకుంటె?"

"పెట్టుకోదు."

తొంభై రెండు మార్కుల సర్టిఫికెట్‌ను కొసతో పట్టుకుని ఎత్తి, గుట్కా గ్లాసు మీద మూతలా కప్పింది. కొంగుతో కీబోర్డంతా రుద్ది తుడిచింది. కుర్చీ లాక్కుని, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. విజయకుమార్ గొణుక్కుంటూనే మీట నొక్కాడు.

"నమస్కారం గిరిజమ్మగారూ," అని కన్నడంలో పలకరించింది తెర మీది డాక్టరమ్మ. "జ్వరంలో ఫిట్స్ వస్తే ఏం చేయాలో ఈ పాఠంలో చూద్దాం."

స్ఫూర్తి తెర మీదికి చెయ్యి చాచింది. సుమంగళ ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

"సదువుకుంటె సదువుకో గాని," అన్నాడు విజయకుమార్, "రేపు మీ అత్తను తోల్కరా. ముద్ర ఏపిచ్చి పాస్ చేసేస్త."

"యాడికెల్లి తోల్కొస్తన్నా? మట్టి జేసి ఏడాదాయె. బియ్యం తగ్గుతయని మేమే కార్డుల పేరు తీపియ్యలే," అంది సుమంగళ, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.