ముందు పేరు, తర్వాత సూది

అనూహ్య ఈ పరీక్ష ఇదివరకే ఒకసారి తప్పింది.

అప్పుడు ఆడవాళ్ల వార్డులో మందుల ట్రే పట్టుకుని ఒక మంచం దగ్గరికి వెళ్లి, "మాణిక్యమ్మ మీరే కదా?" అని అడిగింది. మంచం మీదావిడ "ఆఁ" అన్నది. మాత్ర ఇచ్చేసింది. తీరా చూస్తే ఆవిడ విమలాదేవి. పాతబస్తీలో పెద్దవాళ్లు ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతారు. కాదంటే పిలిచిన పిల్ల చిన్నబుచ్చుకుంటుందని వాళ్ల మొహమాటం. మింగింది విటమిన్ మాత్ర కాబట్టి విమలాదేవికి ఏమీ కాలేదు. అయిందల్లా అనూహ్యకే.

"ఇంకోసారి తప్పినవనుకో, వార్డు ముచ్చట మర్చిపో. రిసెప్షన్ల కూసోని చీటీలు రాసుకో" అన్నది నర్సులకు పరీక్ష పెట్టే విజయలక్ష్మి మేడం.

అనూహ్యకు వార్డంటే ప్రాణం. చీటీలంటే ఏడుపు. అందుకే వారం రోజులుగా పుస్తకాలు ముందేసుకుని బట్టీ పట్టింది. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, మందు ఎక్కించే సరైన దారి, సరైన సమయం. అన్నం కలుపుకుంటూ కూడా అదే జపం. వాళ్లమ్మ చూసి పిల్లకు గాలి సోకిందేమోనని ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీసింది.

ఈసారి పరీక్ష మగవాళ్ల వార్డులో పెట్టారు. అనూహ్యకు అక్కడ ఒక్క మొహమూ తెలియదు. మూల మంచం రామ్‌చందర్‌ది. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి టోకు వ్యాపారం చేస్తాడు. నడుము పట్టేసి చేరాడు. కదలొద్దని డాక్టరు చెప్పినా, చాయ్ తాగొస్తానని పొద్దున్నుంచి ఒకటే లొల్లి చేస్తున్నాడని, డ్యూటీ దిగి వెళ్తూ సిస్టర్ సోనీ హెచ్చరించింది.

అనూహ్య వెళ్లేసరికి మంచం మీది మనిషి గడ్డం దాకా దుప్పటి కప్పుకుని బుద్ధిమంతుడిలా పడుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద ఒకామె కూర్చుని ఉంది. విజయలక్ష్మి మేడం మంచం కాళ్ల వైపు చేతులు కట్టుకుని నిలబడింది.

చేతికి ఉండాల్సిన పేరు పట్టీ దిండు మీద పడి ఉంది.

"దురద పెడుతున్నదని తీసిండు బిడ్డా" అన్నది స్టూలు మీదామె.

చేతికి లేని పట్టీ లేనట్టే లెక్క. ఇలాంటి ఉచ్చులకు ఈసారి అనూహ్య చిక్కదలచుకోలేదు. పేరు తాను చెప్పకుండా వాళ్ల చేతే చెప్పించాలి.

"మీ పేరు చెప్పండి అంకుల్."

"రామ్‌చందర్" అన్నాడు మంచం మీది మనిషి, దుప్పట్లోంచి.

"మీరేమైతరమ్మా?"

"ఈయన భార్యను. రాజమణి."

"అయితే మీరు గూడ ఒకసారి చెప్పండి. పేషెంట్ పేరేంది?"

"రామ్‌చందర్. ఉస్మాన్‌గంజ్‌ల మిర్చి దుకాణం" అన్నది ఆమె తడుముకోకుండా.

విజయలక్ష్మి మేడం తల ఊపింది. అనూహ్యకు సగం ప్రాణం లేచి వచ్చింది. మందు బుడ్డి మీది పేరు, గడువు తేదీ పైకి చదివింది. నొప్పి తగ్గే సూది, తుంటికి వేసేది. సిరంజిలోకి మందు ఎక్కించి గాలి బుడగ తీసేసింది.

సూది కనపడగానే మంచం మీది మనిషి కళ్లు పెద్దవయ్యాయి.

"ఇయ్యాల వద్దు సిస్టర్. నొప్పి లేదు."

"పొద్దుగాల నొప్పని అరిచిన్రట గద అంకుల్. జర పక్కకు తిరగండి."

చటుక్కున గోడవైపు తిరిగి, దుప్పటి నడుం కింద గట్టిగా బిగించుకున్నాడు.

"నడుము మస్తు నయమైనట్టుందే" అన్నది మేడం.

అనూహ్య నవ్వలేదు. ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. అది అడగకపోతే మళ్లీ చీటీలే.

"ఈ మందు మీకు ఎప్పుడన్న పడలేదా? దద్దుర్లు, ఆయాసం గిట్ల వచ్చినయా?"

"పడది" అన్నాడు ఆయన గోడతోనే.

"నిన్న గూడ ఇదే ఇచ్చిన్రు అంకుల్. ఏం కాలేదని కేస్‌షీట్ల రాసి ఉన్నది."

స్టూలు మీదామె గబుక్కున లేచి అనూహ్య చెయ్యి పట్టుకుంది.

"ఈయనకు కాదు బిడ్డా, వాళ్లన్నకు. వాళ్లన్నకు ఈ సూది పడది. ఒళ్లంత ఉబ్బి, ఊపిరాడక, సచ్చి బతికిండు. జర ఆగు."

"అన్నకు పడకుంటే తమ్మునికి ఆపుతరా?" మేడం గడియారం చూసుకుంది. "ఇచ్చేది అన్నకు కాదు గద. కానియ్యి అనూహ్యా."

అనూహ్య దూది తడిపింది. మంచం మీది మనిషి ఇంకా జరిగి గోడకు అతుక్కున్నాడు. సూదికి భయపడే మగవాళ్లను ఆమె చాలామందిని చూసింది కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. కానీ పుస్తకంలో చదివినదొకటి గుర్తొచ్చి చెయ్యి ఆగింది. సొంత తోబుట్టువుకు మందు పడకపోతే ఆ సంగతి కేస్‌షీట్‌లో రాయాలి. రాశాకే సూది. తొందరపడి ఇంకోసారి తప్పడం ఆమె వల్ల కాదు.

"ఒక్క నిమిషం మేడం." సిరంజి ట్రేలో పెట్టి పెన్ను తీసింది. "ఆ అన్న పేరేందమ్మా?"

ఆమె తల దించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ అన్నది: "గట్ల అడుగుతవేంది బిడ్డా, పెనిమిటి పేరు నోటితోని ఎట్ల చెప్తరు?"