కులాసా అని రాసిన కార్డు

బుల్లోడా,

మాస్కో నుంచి నువ్వు రాసిన ఉత్తరం కూడబలుక్కుని నేనే చదివాను. ఇంగ్లీషు పలుకుబడుల్ని రష్యా భాషలో పెడుతున్నావట. మనిషి చచ్చిపోతే ఇంగ్లీషువాళ్లు బాల్చీ తన్నేశాడంటారని రాశావు. మాటకి మాట పెడితే రష్యావాళ్లకి అర్థంకాదని, కాళ్లు చాపేశాడని పెట్టావట. “అయ్యకి సెప్పమ్మా, పగలబడి నవ్వుతాడు” అని చివర రాశావు.

ఆ ఉత్తరం పట్టుకునే గణపతిరావు మాస్టారింటికి పరుగెత్తాను. వైశాఖంలో నేను మైలలో ఉండి, కలం ముట్టకూడదని నీకు కార్డు ఆయన చేతే రాయించాను.

“ఏటి రాసినావు బాబూ నా కొడుక్కి?”

“అందరూ కులాసా అని రాసినానమ్మా. నిజం రాస్తే సదువొగ్గేసి వచ్చేస్తాడని...” తల దించుకున్నాడు.

“నీకు ఆడు శిష్యుడు, నాకు కొడుకు. ఆడి ఏడుపు దాసీడానికి నువ్వెవులివి?”

మీ అయ్య పోయి నాలుగు నెలలైంది, నాయనా. నిప్పు మీ బాబాయి పట్టాడు. దినంనాడు సాలూరు బస్సు వచ్చినప్పుడల్లా వీధిలోకి వెళ్లి చూశాను. కబురందినా రాలేదని ఇన్నాళ్లూ నిన్నే తిట్టుకున్నాను.

ఇది చదివాక తలకి నీళ్లు పోసుకో. ఏదైనా వండుకుని కడుపునిండా తిను.