మొదటి అతిథి నిద్ర

“ఇదీ కాదు. ఇందులో దూరినవాడు మనిషిలా ఉండడు, అరిటాకులో చుట్టిన చేపలా ఉంటాడు,” అంటూ సహ్నూన్ నాలుగో స్లీపింగ్ బ్యాగును కూడా పక్కకు తోసేశాడు.

కొట్టు యజమాని ముక్సిన్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “అన్నా, కొండ మీద చలికి ఇరుకుదే మంచిది. లోపల ఖాళీ ఉంటే అదంతా మన ఒంటివేడితోనే వెచ్చబడాలి. ముప్పై ఏళ్ళు రింజానీ కొండకి బరువులు మోసినవాడివి, నీకు నేను చెప్పాలా?”

“మోశాను గనకే అంటున్నా. కాళ్ళ దగ్గర సన్నబడే సంచిలో పడుకున్నవాళ్ళు పొద్దున ఎలా లేస్తారో నాకు తెలుసు. మూతి ఇంత చేసుకుని, కాఫీలో పంచదార ఎక్కువైందని తగాదాకొస్తారు.”

పక్కనే ఉన్న అతని కూతురు మస్నియా నవ్వు ఆపుకుంది. ఆమె గైడు పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుని రెండు నెలలైంది. ఆడపిల్ల వెనక కొండెక్కడానికి ఇంతవరకు ఒక్కరూ రాలేదు. అయినా మొదటి ప్రయాణం అంటూ ఒకటి చెయ్యాలి. ఆ ఊరి గైడ్లలో, కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి అతిథిని తామే పిలుచుకుని, పైసా తీసుకోకుండా కొండెక్కించి దించుతారు. ఎవరిని పిలవాలన్నది వాళ్ళిష్టం. అందరూ పనికొచ్చేవాళ్ళనే పిలుస్తారు. కిందటేడు ఒక కుర్రగైడు మాతరం పట్నం నుంచి టూరిస్టు ఏజెన్సీ యజమానిని పిలిచాడు. ఆ పెద్దాయన సుఖంగా నిద్రపోయి దిగాడు. అప్పట్నుంచి ఆ గైడుకి పనితో ఊపిరాడటం లేదు.

రేపు మస్నియా వంతు. ఆమె వెనక బరువు మోయడానికి ఊళ్ళో మగవాళ్ళు మొహం చాటేస్తే, నాలుగేళ్ళ కిందట దించేసిన కావడిని మళ్ళీ ఎత్తుతానన్నాడు సహ్నూన్. అతని పాత జతగాడు జుమహిర్ కూడా సరేనన్నాడు. వారం రోజులుగా సహ్నూన్‌కి కంటి మీద కునుకు లేదు.

“అసలు ఆయనెవరో చెప్పవేమే? మాతరం ఏజెన్సీ ఆయనేనా?”

“చెబితే నువ్వింకా కంగారుపడతావు నాన్నా.”

“ఆయనే! నాకు తెలుసు. పోనీ మనిషి ఎలా ఉంటాడో చెప్పు. పొడుగా? లావా?”

“మధ్యరకం. రాత్రంతా అటూ ఇటూ దొర్లుతాడు. మోకాళ్ళు ముడుచుకుంటే గాని నిద్ర పట్టదు. చలేస్తోందా అంటే మాత్రం లేదంటాడు.”

“ఓరి దేవుడా, ఆ రకమా!” సహ్నూన్ తల కొట్టుకున్నాడు. “పైకి చెప్పరు, లోపల్లోపల సణుక్కుంటారు. అలాంటివాళ్ళతో వేగలేక చచ్చాను నేను. ముక్సిన్, బాగా వెడల్పాటిది తియ్యి.”

“వెడల్పాటిది బరువు. మోసేది నువ్వేగా మరి?”

“నా భుజం గొడవ నీకెందుకు? తియ్యవయ్యా!”

ముక్సిన్ అటక మీంచి ఆకుపచ్చ సంచి దించాడు. తలవైపు ఎంత వెడల్పో కాళ్ళవైపూ అంతే. సహ్నూన్ జిప్పు మూడుసార్లు కిందికీ పైకీ లాగి, పళ్ళలో గుడ్డ చిక్కుకుంటుందేమో చూశాడు. అస్తరు బయటికి తిప్పి వాసన చూశాడు. కాళ్ళ దగ్గర దూది ఉండకట్టిందేమోనని వేళ్ళతో నొక్కి నొక్కి చూశాడు. అప్పటికీ తృప్తి లేదు.

“ఒకసారి పడుకుని చూస్తా. ఆయనొచ్చి చూసుకోలేడుగా.”

చెప్పులు విడిచి, అరికాళ్ళు దులుపుకుని, కొట్టు మధ్యలోనే సంచిలోకి దూరాడు. మోకాళ్ళు ముడిచాడు, చోటు సరిపోయింది. పక్కకు ఒత్తిగిల్లాడు, సంచి అతనితోపాటు తిరగలేదు. జిప్పు మెడదాకా లాక్కున్నాడు. ఆ తర్వాత కదల్లేదు.

“ఏంటన్నా, గురక మొదలెడతావా? కొనేవాళ్ళొస్తారు, లే!”

“ముప్పై ఏళ్ళు వీటిని భుజాన మోశాను ముక్సిన్,” పైకప్పు వంకే చూస్తూ అన్నాడు సహ్నూన్. “లోపల ఇలా ఉంటుందని తెలీదు.”

కొండ మీద కూలీలు టార్పాలిన్ కింద, లుంగీలు కప్పుకుని, పొయ్యి చుట్టూ ముడుచుకునేవాళ్ళు. ముక్సిన్‌కీ ఆ సంగతి తెలుసు.

సహ్నూన్ సిగ్గుపడ్డట్టు గబగబా లేచాడు. “ఇదే తీసుకో. ఇదైతే ఆయన నోరెత్తడు.”

“ఇదే కట్టివ్వు బాబాయ్,” అంది మస్నియా, గోడకు వేలాడుతున్న తాళ్ళ వైపు మొహం తిప్పుకుని.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కొండ కింద చెక్‌పోస్టు దగ్గరున్నారు. స్లీపింగ్ బ్యాగును ప్లాస్టిక్ కవరులో చుట్టి కావడికి తన చేత్తోనే కట్టాడు సహ్నూన్. ఒకసారి రోడ్డు దాకా వెళ్ళొచ్చాడు. అతిథి కోసం ఉంచిన స్టూలు తుడిచాడు. మళ్ళీ రోడ్డు దాకా వెళ్ళాడు. బండి చప్పుడైతే చాలు, చొక్కా సర్దుకుంటున్నాడు. ఈసారి వచ్చింది వెల్లుల్లి లారీ.

“ఏడున్నరైందే! ఫోన్ చెయ్యి.”

“టైముంది నాన్నా. ఆ స్టూలు మీద కాసేపు కూర్చోరాదూ?”

“ఆయన స్టూలు మీదా? మట్టి చెయ్యనా? ఆయన రాకపోతే నీ గతేంటో ఆలోచించావా? ఊరంతా నవ్వుతుంది. పిలిచేటప్పుడే గట్టిగా చెప్పాల్సింది!”

“నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి,” అన్నాడు జుమహిర్, పొగాకు చుట్టుకుంటూ.

చెక్‌పోస్టు ఉద్యోగి పుస్తకం తెరిచాడు. “మొదటి ప్రయాణం కదమ్మా? గైడు పేరు రాశాను. అతిథి పేరు చెప్పు.”

సహ్నూన్ రోడ్డు అంచున, కాలివేళ్ళ మీద లేచి, మలుపు వైపే చూస్తున్నాడు.

“మా నాన్న,” అంది మస్నియా.