ఆవకాయ ముద్ద

ఆవకాయ జాడీకెత్తాక, బేసినుకి అంటిన ఆవపిండిలో వేడన్నం కలిపి ఇంటిల్లిపాదికీ ముద్దలు పెట్టడం మంగతాయారుకి నలభై ఏళ్ల అలవాటు. ఈ ఏడు ప్రతి వంటింట్లోనూ సర్కారు, ఒంట్లో రోగక్రిములుంటే చెయ్యి ఆనించగానే పట్టిచ్చే చేతిపలక బిగించింది. అన్నం కలపబోతూ దానిమీద అరచెయ్యి ఆనిస్తే ఎర్రదీపం వెలిగింది.

కోడలు హారిక పలక మీది అక్షరాలు చదివింది. "టైఫాయిడ్ క్రిమి, అత్తయ్యా. చిన్నప్పట్నుంచీ మీ పిత్తాశయంలో కాపురముంటోందట. మిమ్మల్నేమీ చెయ్యదు. మీ చేతిమీదుగా వెళ్లి ఇంకొకళ్లకి జ్వరం తెస్తుంది."

"నాకెన్నడూ ఒళ్లు వెచ్చబడిందైనా లేదే."

"ఉన్న ఇల్లు పాడుచేసుకోదు కదా. నెల రోజులు మందు వేసుకుంటే ఖాళీ చేసిపోతుంది."

మంగతాయారు పీట మీద కూలబడింది. ఆవకాయ పెట్టిన పదిరోజులకి ఇంట్లో ఎవరో ఒకరు మంచం పట్టిన ఏళ్లు గుర్తొచ్చాయి. దిష్టి తగిలిందని ఈ చేత్తోనే ఉప్పు తిప్పింది, ఈ చేత్తోనే జావ తాగించింది.

"అయితే ఇన్నాళ్లూ నేనేనా?"

"తెలిసి చేశారా ఏంటి?" అంది హారిక.

మనవరాలు ఇందుజ చేతులు కడుక్కొచ్చి పలక మీద పెట్టింది. పచ్చదీపం వెలిగింది. అన్నం కలిపి, మొదటి ముద్ద నానమ్మ నోటికే అందించింది.

మంగతాయారు చేతులు ఒళ్లో పెట్టుకునే నమిలింది. "నూనె చాల్లేదే. ఇంకాస్త పోసి, మీ అమ్మకి పెట్టు."