కారుమబ్బు ఏమైంది?

"అమ్మా, పుస్తకం తలకిందులు పట్టుకున్నవ్."

గడపలో కూర్చున్న లీలమ్మ తలెత్తింది. ఎదురుగా ఒక మనిషి ఆకారం మసకగా కనిపించింది.

"నీకెట్ల తెల్సు?"

"అట్ట మీది డ్రాగన్ కాళ్లు ఆకాశానికున్నయ్ గద."

ఆయన పేరు ఇస్సాకు. గౌలిపురాలోని ఆ ఇంట్లో ఎదురు గదికి కొత్తగా కిరాయికి వచ్చాడు. టెంట్ హౌస్‌లో పని. అరవై దాటాయి. ఒక్కడే ఉంటాడు.

లీలమ్మ కూడా ఒక్కతే. బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయింది. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి బార్కస్ బస్సులో ఎవరో సీటు మీద ఒక నవల మరిచిపోయారు. దాని కోసం ఎవరూ రాలేదు. లీలమ్మే చదివింది.

గొర్రెలు కాచే ఒక అనాథ పిల్ల, కారుమబ్బు అనే ముసలి డ్రాగన్. వాళ్లిద్దరి ప్రయాణం. ఏడు భాగాల కథలో అది మొదటిది.

మిగిలినవన్నీ పాత పుస్తకాల దుకాణాల్లో ఒక్కొక్కటే వెతికి తెచ్చుకుంది. ఆఖరి భాగం చేతికొచ్చేసరికి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. షుగర్ తగ్గేదాకా ఆపరేషన్ కుదరదన్నారు.

"గీ వయసుల డ్రాగన్ల కతలేందమ్మా?" నవ్వాడు ఇస్సాకు.

లీలమ్మ నవ్వలేదు.

"గా డ్రాగన్ కొండంతుంటదన్నా. దాన్ని జూసి అందరు ఉరుకుతరు. దగ్గరికొచ్చి మంచిగున్నవా అని అడిగేటోల్లు ఒక్కరుండరు. గా పిల్ల అడుగుతది. గంతే, ఇగ గా పిల్లను ఇడిసిపెట్టది."

ఇస్సాకు పుస్తకం అందుకుని సరిగ్గా తిప్పాడు.

"ఆఖరి భాగం నేను సదివి వినిపియ్యనా?"

"నీకు ఓపికుంటదా?"

"పొద్దుగూకినంక నాకేం పనుంది? ముందుగాల ఆరు భాగాల కత నువ్వు జెప్పు. లేకుంటే నాకు సమజ్ కాదు."

చెప్పింది. ఆయన మధ్యమధ్యలో ఆపి అడిగేవాడు.

"దానికి చలి పెడ్తదా?"

"గంత పెద్దది యాడ పండుకుంటది?"

ఇన్నేళ్లలో ఆ కథ గురించి లీలమ్మను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

తర్వాత రోజూ పని నుంచి రాగానే గడప ముందు స్టూలేసుకునేవాడు. పుస్తకం తెరిచి, మెల్లగా, ఆగి ఆగి మొదలుపెట్టేవాడు. పేజీ తిప్పిన చప్పుడు వినిపించేది.

కారుమబ్బు రెక్కలు సడలిపోయాయి. ఎక్కువ దూరం ఎగరలేకపోయేది. పిల్ల దాని వీపు దిగి, పక్కనే నడిచేది. ఇద్దరూ సముద్రం ఒడ్డున కొన్నాళ్లు ఆగి, మంచుకొండల వైపు బయలుదేరారు.

"పుస్తకంల అన్ని మన మాటలే ఉన్నయేందన్నా?"

"నీకు మంచిగుంటదని మన మాటల్ల జెప్తున్న."

"మస్తుగున్నది. ఆపకు."

కథలో ఇద్దరూ మంచుకొండల దగ్గరికి చేరుతుండగా లీలమ్మ షుగర్ అదుపులోకి వచ్చింది. ఆపరేషన్ అయింది. చూపు తేటపడింది.

ముందుగా ఆ పుస్తకమే తీసింది. తన కళ్లతో మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలనిపించింది.

మొదటి అధ్యాయంలోనే కారుమబ్బు గుండెకు బాణం తగిలింది. అధ్యాయం చివర చచ్చిపోయింది.

లీలమ్మ పుస్తకంతో ఎదురు గదికి వెళ్లింది.

"మొదట్లనే సచ్చిపోయింది! నాకెందుకు జెప్పలే?"

ఇస్సాకు మొహం పాలిపోయింది.

"కండ్లు కనవడని ముసల్దని ఆటలాడినవా? పేజీలు దాటేసి నీకు తోచింది జెప్తవా?"

"నాకు గట్లనే కనవడ్డదమ్మా."

"గిప్పుడు గూడ అబద్ధమే!"

తిరిగొచ్చి తలుపేసుకుంది.

మరునాడు సాయంత్రం గడప ముందు స్టూలు జరిపిన చప్పుడైంది. తలుపు తీయలేదు.

ఆ తర్వాతి సాయంత్రం కూడా తీయలేదు.

ఇక చప్పుడు రాలేదు.

లీలమ్మ ఒక్కతే పుస్తకం పూర్తి చేసింది. పిల్ల రాణి అయింది. కోటలు, యుద్ధాలు, కిరీటాలు. ముగించి పక్కన పెట్టింది. ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు.

అన్నం వండుతుంటే మాత్రం ఇస్సాకు చెప్పిన కథే మనసులో తిరిగేది. వాళ్లు మంచుకొండ ఎక్కారా? ఆ ముసలి రెక్కలు చలికి తట్టుకున్నాయా? పిల్ల దాన్ని విడిచి వెనక్కి రాలేదు కదా?

అంత వివరంగా చెప్పాడంటే అది ఇంకేదో పుస్తకంలో చదివిందే అయి ఉండాలి. చెప్పగలిగింది ఇస్సాకు ఒక్కడే.

ఎదురు గదికి తాళం కనిపించింది. పెళ్లిళ్ల రోజులు, పని మీద పోయి ఉంటాడనుకుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆ తలుపు తెరిచి ఉంది. గబగబా చాయ్ కాచి, రెండు గ్లాసుల్లో పోసుకుని వెళ్లింది.

లోపల ఒక అమ్మాయి గిన్నెలు మూట కడుతోంది.

"ఎవరు గావాలె ఆంటీ?"

"ఇస్సాకన్న లేడా?"

అమ్మాయి లేచి నిలబడింది.

"నేను షారోన్‌ను, ఆయన తమ్ముని బిడ్డను. పెద్దబాపు పోయిండు ఆంటీ. టెంటు కడుతుంటే గుండెల నొప్పొచ్చింది. మొఘల్‌పురల మా ఇంటికాడికెల్లే సమాధులకాడికి తీస్కపోయినం."

లీలమ్మ గ్లాసులు కిటికీలో పెట్టింది.

గదిలో ఒక చాప, రెండు చొక్కాలు, ఆ స్టూలు. అంతే.

"పుస్తకాలేవమ్మా?"

"ఏం పుస్తకాలు?"

"మీ పెద్దబాపు దగ్గర ఇంకో డ్రాగన్ పుస్తకం ఉండాలె. నా పుస్తకంల లేని కత నాకు సదివి వినిపించిండు. గా కత సగంల ఆగింది. నన్ను సదువుకోనియ్యి బిడ్డా, మల్ల తెచ్చిస్త."

షారోన్ ఆమె వైపు వింతగా చూసింది.

"పెద్దబాపు సదువుడేంది ఆంటీ? ఆయనకు ఒక్క అక్షరం గూడ రాదు."