వాగులో పడిన గూళ్ళు

అనగనగా ఒక వాగు. దానికి అటూ ఇటూ ఈతచెట్ల మీద గిజిగాళ్ళు రెండు రాజ్యాలుగా బతికేవి. ఏటా తెచ్చుకున్న పది మోపుల గడ్డిలో ఇవతలి ఒడ్డు తాత మూడు మోపులు పిల్లలు అల్లిక నేర్చుకోవడానికే ఇచ్చేవాడు. అవి అల్లిన వంకర గూళ్ళన్నీ తెగి వాగులో పడేవి. అవతలి ఒడ్డు పెద్ద మొదట్లో రెండు మోపులిచ్చాడు. తర్వాత ఒకటి. ఆపైన పోచ కూడా విదల్చలేదు.

"మీ గడ్డంతా నీళ్ళపాలే కదా బావా!" అని ఏటా వెక్కిరించేవాడు. తాతకి మనసు చివుక్కుమనేది. అయినా మరుసటేడు నాలుగు మోపులిచ్చేశాడు.

ఏళ్ళు గడిచాయి. ఒక గాలివానకి రెండు ఒడ్డుల గూళ్ళూ కొట్టుకుపోయాయి. ఇవతల కుర్ర గిజిగాళ్ళు నాలుగు రోజుల్లో కొత్త గూళ్ళు వేలాడదీశాయి. అవతల కుర్రకారుకి ముడి వెయ్యడమే రాదు, ముసలివాళ్ళకి చూపానదు.

పెద్ద తల వంచుకుని వచ్చాడు. "నాలుగు గూళ్ళు అల్లించిపెట్టు బావా."

"గూళ్ళెందుకు? మీ పిల్లల్ని పంపు, నేర్పుతాం."

"వాళ్ళకేం చేతనవును? నీ గడ్డంతా పాడుచేస్తారు."

తాత రొమ్ము విరుచుకుని కొత్త గూళ్ళకేసి చూశాడు.

"వీటిని అల్లినవాళ్ళంతా అలా పాడుచేసినవాళ్ళే బావా!"