విప్పని పిడికిలి

ఆ మనిషి కంటే ముందు అతని వాసన వచ్చింది.

కుళ్ళిన చేపల వాసన. దానికి తోడు తడిసి ఆరక ముక్కిన గుడ్డల కంపు.

ఆమె చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని పాపని దగ్గరికి లాక్కుంది.

దీవికి వచ్చి మూడో రోజు. మొదటి రోజు పార్కులో బెంచీల నిండా పక్షుల రెట్టలు. రెండో రోజు అడవి చూడబోతే కాళ్ళు దిగబడే బురద, పాప మెడ మీద జలగ. ఇవాళ సముద్రం కదా అనుకుంటే, ఈ మనిషి.

"ఏవండీ, ఇంకో చోటికి పోదాం. వాడి చేతులు చూడండి, అన్నీ పుళ్ళు."

"మొన్న రెట్ట, నిన్న జలగ, ఇవాళ మనిషి. నువ్వు దీవి చూడ్డానికి రాలేదే, కడగడానికొచ్చావు," అన్నాడు భర్త, టోపీ ముఖం మీదికి లాక్కుని పడుకుంటూ.

"మీకేం, ఎన్నయినా చెప్తారు. రేపు దానికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది నేను."

ఆ మనిషి నీళ్ళంచున వంగి వంగి నడుస్తున్నాడు. పొడుగాటి పట్టకారుతో ఇసుక కెలికి, దొరికినవి నడుముకి వేలాడే మూత డబ్బాలో వేసుకుంటున్నాడు.

ఆమె పాప తువ్వాలు దులిపి మడత పెట్టేంతలో పాప నాలుగడుగులు పోయింది. ఇసుకలో ఏదో గవ్వ కనపడి చెయ్యి చాపింది.

ఆ మనిషి పట్టకారు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఒక చేత్తో పాప మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో ఆ గవ్వ ఏరి పిడికిట్లో బిగించాడు.

పాప వెనక్కి పడి గుక్కపట్టి ఏడ్చింది.

ఆమెకి కనపడింది ఒక్కటే. తన బిడ్డ తెల్లటి మణికట్టు మీద ఆ నల్లటి గోళ్ళు.

వెళ్ళి ఆ చేతి మీద ఫెడీమని కొట్టింది.

"గవ్వ కోసం పసిపిల్ల మీద పడతావా, సిగ్గులేదూ?"

"అమ్మా, ఇది కుడుతుందమ్మా. పాప చెయ్యి ఓసారి చూడనీండి."

"ముందు నీ చేతులు చూసుకో."

జనం మూగారు. అందరూ ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళే.

"గవ్వ కుడుతుందట, విన్నారా," అన్నాడొక కుర్రాడు. "రాయి కరుస్తుంది, ఇసుక తంతుంది."

"అమ్ముకుంటారండీ వీటిని. ఇక్కడ వీళ్ళకిదే వ్యాపారం," అన్నాడు పక్కనున్నవాడు.

భర్త లేచి వచ్చాడు. "పిల్లదాని గవ్వ పిల్లకిచ్చెయ్. గొడవ వద్దు."

ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు. పిడికిలి ఇంకా బిగించాడు. రెండో చేత్తో డబ్బా మూత తియ్యబోతుంటే ఇద్దరు కుర్రాళ్ళు అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు.

అతని ముఖం ఒక్కసారి ముడుచుకుపోయింది. పిడికిలి మాత్రం విప్పలేదు.

"పోనీండి, ఆ కంపు మనకెందుకు," అంది ఆమె. ఆ కుర్రాళ్ళు అతన్ని బట్టలు మార్చుకునే గదుల దాకా తోసుకెళ్ళి, గోడ నీడన వదిలేసి వచ్చారు.

అరగంట తర్వాత పాప చేతులు మూడోసారి కడగడానికి ఆమె ఆ గదుల దగ్గరి కుళాయికి వెళ్ళింది.

అతను గోడకి ఆనుకుని ఉన్నాడు. రెప్పలు సగం వాలిపోయాయి. గడ్డం మీదుగా చొంగ కారుతోంది.

పాపని చూసి చెయ్యి ఎత్తబోయాడు. "పా... చె... చూ..."

ఆమె పగలే ఇంత తాగుడా అనుకుంది. పాపని చంకనేసుకుని అటు తిరిగి నిలబడింది.

గదులు ఊడ్చే ఆవిడ చెప్పిందేమో, తీరంలోని వైద్యం గది నుంచి నర్సు పరుగెత్తుకొచ్చింది. వెనకాల స్ట్రెచరుతో ఇద్దరు.

"తాగి పడున్నాడండీ," అంది ఆమె.

నర్సు వంగి అతని నోటి దగ్గర వాసన చూసింది. "తాగలేదు."

తువ్వాలు చుట్టిన చేత్తో అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అరచేతిలో గోధుమరంగు చారల గవ్వ. దాని పక్కన ఎర్రటి చుక్క, చుట్టూ నీలం.

"దీన్ని ఇంకెవరైనా పట్టుకున్నారా?"

"మా పాప... ఎత్తబోయింది. ఈ... ఈయన లాక్కున్నాడు."

"పట్టుకుందా, పట్టుకోబోయిందా? సరిగ్గా చెప్పండి."

"పట్టుకోబోయింది."

నర్సు పాప పది వేళ్ళూ తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా మచ్చ లేదు.

"లోపల నత్త బతికే ఉందమ్మా. సూదితో కుట్టినట్టు కుడుతుంది. ముందు చేతులు స్వాధీనం తప్పుతాయి, తర్వాత మాట పడిపోతుంది, ఆ పైన ఊపిరి. పెద్దవాళ్ళకే ఇలా ఉంది. ఇంత పిల్లకయితే..."

"మరి... పారెయ్యొచ్చు కదా. ఎందుకలా పట్టుకునే ఉన్నాడు?"

నర్సు తలెత్తి తీరం వైపు చూసింది. చెప్పుల్లేకుండా పరుగెత్తుతున్న పిల్లలు, ఎటు చూసినా పిల్లలే.

"ఎక్కడ పారేస్తాడమ్మా?"

అతని ఛాతీ కదలడం ఆగిపోయింది. నర్సు అతని మూతికి గాలి సంచీ పెట్టి నొక్కుతూ ఊపిరి అందించసాగింది.

"బతుకుతాడా అండీ?"

"దీనికి విరుగుడు లేదు. ఊపిరి అందిస్తూ ఉండటమే. అరగంట ముందు పిలిచుంటే చెప్పగలిగేదాన్ని."

ఆమె పాపని గట్టిగా పట్టుకుంది. చున్నీ ఎప్పుడు జారి కింద పడిందో తెలియలేదు.

"ఎవరండీ ఈయన?"

నర్సు చేతులు ఆపకుండానే చెప్పింది.

"జీతం లేదు, ఎవరూ పనిలో పెట్టుకోలేదు, పన్నెండేళ్ళుగా ఈ ఒడ్డున ఒక్క పిల్లకీ నత్త కుట్టలేదంటే, అలలు వెనక్కి పోయినప్పుడల్లా ఇసుకంతా వెతికి ఏరేస్తున్నది ఈయనే."